మల్లె గింజకు పదేళ్లు, కౌలు మాటకు పదకొండు నెలలు

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోనూ, గోదావరి జిల్లాల మెట్టలోనూ పొగాకు వేసే ఊళ్లలో సీజను నడిమికి వచ్చేసరికి ఏటా ఒకే తగాదా వస్తుంది. చేలో మల్లె లేస్తుంది. కౌలురైతు కూలీల మీద పడతాడు: "డబ్బులు తీసుకున్నారు, సరిగా పీకలేదు" అని. కూలీలు ఊరుకోరు: "మీరు పిలిచింది ఎప్పుడు? ఇచ్చింది ఎంత?" అని అడుగుతారు. ఇద్దరూ కేకలు వేసుకుంటుంటే అసలు భూమిగలాయన ఒంగోలులోనో హైదరాబాదులోనో ఉంటాడు. ఆయనకు మల్లెతో పని లేదు. ఆయన కౌలు డబ్బు పంట పెట్టకముందే చేతికి అందింది.

ఈ తగాదాలో ఎవరి తప్పు ఎంత అని తేల్చేముందు మల్లె అంటే ఏమిటో, అది ఎలా బతుకుతుందో మనం తెలుసుకోవాలి. "కూలి రేట్లు పెరిగాయి కాబట్టే మల్లె పెరిగింది" అని కొందరు పెద్దరైతులు చేస్తున్న ప్రచారంలో నిజమెంతో అప్పుడే తెలుస్తుంది. మల్లె పెరగడానికి కారణం కూలీల బద్ధకం కాదని, భూమి మీద హక్కు ఒకరిదీ కష్టం మరొకరిదీ అయిన కౌలు పద్ధతే అని మేము అంటున్నాం. ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఆ మొక్క బతుకు తీరే దీనికి రుజువు.

వేరు పిలిస్తేనే లేచే గింజ

పేరుకు మల్లె గాని దీనికీ మల్లెపూవుకూ సంబంధం లేదు. శాస్త్రవేత్తలు దీన్ని ఒరోబాంకి అంటారు. దీనికి పచ్చని ఆకు లేదు. ఎండ నుంచి తిండి చేసుకునే శక్తి లేదు. నేలలోంచి నీళ్లు తాగే సొంత వేళ్లు కూడా లేవు. పొగాకు వేరుకు అతుక్కుని, దాని రసం పీల్చి, తెల్లగా, ఊదారంగు పూలతో కాడ కాడగా పైకి వస్తుంది. ఇలాంటివాటిని సంపూర్ణ పరాన్నజీవులంటారు.

దీని గింజ దుమ్ము కణమంత ఉంటుంది. ఒక మిల్లీమీటరులో మూడో వంతో, నాలుగో వంతో. చేతిలో పోసుకుంటే గింజలని ఎవరూ అనుకోరు. ఒక్క మొక్క నుంచి ఇలాంటి గింజలు వేలల్లో మొదలై లక్ష దాటిపోతాయి. గాలికి ఎగురుతాయి, వాననీటిలో కొట్టుకుపోతాయి, నాగలికర్రుకూ ట్రాక్టరు చక్రానికీ అంటుకుని పక్క చేలోకి పోతాయి. మల్లె మేసిన గొర్రెల పెంటికల్లో కూడా గింజ చావదు. ఆ ఎరువు తోలిన చోటికల్లా పోతుంది.

అసలు విశేషం ఇంకొకటి ఉంది. ఈ గింజ వాన పడగానే మొలవదు. జొన్నగింజో కందిగింజో అయితే తడి తగిలితే మొలుస్తుంది, లేదా కుళ్లిపోతుంది. మల్లెగింజ అలా కాదు. తనకు కావలసిన పంట వేరు కొద్ది మిల్లీమీటర్ల దగ్గరకు వచ్చి, ఆ వేరు నుంచి ఊరే ఒకరకం రసాయనం తగిలితేనే కళ్లు తెరుస్తుంది. లేకపోతే మట్టిలో పడుకుని ఉంటుంది. ఒక ఏడు కాదు, రెండేళ్లు కాదు, పదేళ్లు దాటినా బతికే ఉంటుంది. గింజలో ఉన్న తిండి చాలా కొంచెం. వేరు అందకపోతే మొలక కొద్దిరోజుల్లో చస్తుంది. అందుకే అది అంత ఓపిక నేర్చుకుంది.

వేరు చేయని తప్పుకు ఈ శిక్ష ఎందుకు పడుతోంది? పంట వేళ్లు ఆ రసాయనాన్ని ఊరించేది మల్లె కోసం కాదు. నేలలో పంటకు మేలుచేసే ఒక జాతి బూజు ఉంది. అది వేరుతో పొత్తు కట్టి, నేలలోని భాస్వరాన్ని తెచ్చి పంటకు ఇస్తుంది, బదులుగా పంట నుంచి పిండిపదార్థం తీసుకుంటుంది. ఆ నేస్తాన్ని పిలవడానికే వేరు ఈ సంకేతం పంపుతుందని 2005లో జపాను శాస్త్రవేత్తలు తేల్చారు. నేస్తం కోసం వేసిన కేకను దొంగ కూడా వింటున్నాడన్నమాట.

ఇలా లేచిన మొలక వేరును పట్టుకుని, దాన్ని తొలుచుకుని లోపలికి పోయి, నీళ్లగొట్టానికీ తిండిగొట్టానికీ తన గొట్టాలు కలుపుకుంటుంది. అక్కడ చిన్న గడ్డ కడుతుంది. పొగాకు నాటిన నెలన్నర, రెండు నెలల దాకా ఇదంతా నేలలోనే సాగుతుంది. పైన కనపడేసరికి దోపిడీ సగం పూర్తయి ఉంటుంది. మొక్క వడలిపోతుంది, ఆకు సైజు తగ్గుతుంది, తూకం పోతుంది, గ్రేడు పోతుంది.

రెండు పీకుళ్ల మధ్య తేడా

ఇక్కడ మనం జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటుంది. ఊళ్లలో దీన్ని ఎవరూ విడమరిచి మాట్లాడడం లేదు.

మల్లె పీకడం ఒక పని కాదు, రెండు పనులు. మొదటిది, కాడలు లేవగానే పీకడం. దీనివల్ల ఈ ఏటి పంటకు కొంత మేలు జరుగుతుంది. రెండోది, ఆకు కోతలు మొదలైన తర్వాత, చివరిదాకా, విడతలు విడతలుగా లేచే కాడల్ని గింజ పట్టకముందే పీకడం. దీనివల్ల ఈ ఏటి పంటకు ఒరిగేది దాదాపు ఏమీ లేదు. అప్పటికి ఆకు ఎదిగిపోయింది, కోతలు అవుతున్నాయి. కాని వచ్చే పదేళ్లకు సరిపడే గింజను చేలో రాల్చేది ఆ చివర్న లేచిన కాడలే.

కౌలురైతు మొదటి పీకుడు పీకిస్తాడు. అప్పు తెచ్చైనా పీకిస్తాడు. రెండో పీకుడుకు వచ్చేసరికి ఆయన చేయి వెనక్కి పోతుంది. "ఆకు కోసేశాక మల్లె పీకితే ఎంత, పీక్కపోతే ఎంత?" అంటాడు. ఆయన లెక్కలో ఆయనది తప్పు కాదు. వచ్చే ఏడు ఆ చేను తనదో కాదో ఆయనకు తెలియదు. ఇంకొకడు ఎకరానికి వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తానంటే చేను వాడికి పోతుంది. తన ఖర్చుతో, తన కష్టంతో పరాయి చేను శుభ్రం చేసి అప్పగించమంటే ఎవడు చేస్తాడు?

భూమిగలాయన సంగతేమిటి? మేలు పొందేది ఆయన భూమి. పదేళ్లపాటు ఆ నేల విలువను కాపాడేది ఆ రెండో పీకుడే. కాని ఖర్చుకు ఆయన పేరు రాదు. మల్లె ఎక్కువైతే ఈ కౌలుదారు పోయి ఇంకొకడు వస్తాడు. బ్యారన్ లైసెన్సు ఆయన పేరునే ఉంటుంది కాబట్టి చేను పాడైనా బ్యారన్ అద్దె వస్తుంది.

పొగాకుకు మల్లె పట్టడం ప్రకృతి. నలభై ఎకరాల్లో ఉన్న మల్లె నాలుగేళ్లలో ఊరంతా కావడం మాత్రం ప్రకృతి కాదు. అది కౌలు పద్ధతి చేసే పని.

చట్టానికీ గింజకూ కుదరని లెక్క

1956లో వచ్చిన ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం కౌలుకు కనీసం ఆరేళ్ల గడువు ఉండాలని, కాగితం రాసుకోవాలని చెప్పింది. ఊళ్లలో ఆ చట్టం ముఖం చూసినవాళ్లు తక్కువ. అంతా నోటిమాటే. 2011లో సాగుదారులకు రుణార్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. దాని ప్రకారం ఒప్పందం పదకొండు నెలలు. దానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయం చూపి యజమానులు పెట్టరు. పెట్టమని కౌలురైతు గట్టిగా అడిగితే చేనే దక్కదు. అందువల్ల ఎక్కువమంది కౌలురైతులకు ఆ కార్డు కూడా అందలేదు.

ఆ చట్టంలో కౌలురైతుకు ఇచ్చినది పంట మీద హక్కు. నేల మీద కాదు. పదకొండు నెలల మనిషి పదేళ్ల గింజతో ఎలా పోరాడతాడు? ఏ వ్యవసాయ శాస్త్రవేత్తను అడిగినా మల్లెకు చెప్పే ఉపాయాలన్నీ ఏళ్ల తరబడి చేయవలసినవే. ఎండాకాలంలో లోతు దుక్కి చేయమంటారు. పొగాకు వేయకుండా పంట మార్చమంటారు. పొగాకుకు ముందు జొన్న, నువ్వులు, పెసర, మినుము వంటివి వేయమంటారు.

ఈ చివరిదాన్ని ఎర పంట అంటారు. దీని వెనక చక్కని తర్కం ఉంది. ఈ పంటల వేళ్ల నుంచి ఊరే రసాయనానికి మల్లెగింజ మోసపోయి మొలుస్తుంది. కాని వాటి వేరు దానికి అచ్చిరాదు. పట్టు దొరక్క ఎండిపోతుంది. గింజను దాని ఆకలితోనే చంపడమన్నమాట. ఒక్క పంటతో మట్టిలోని గింజంతా పోదు. ఏటా కొంత తగ్గుతుంది. అయిదారేళ్లు పట్టుబట్టి చేస్తే చేను తేరుకుంటుంది. వంగ, టమాటా మాత్రం వేయకూడదు, అవి కూడా మల్లెకు ఆహారమే.

రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ పేరుతో పెట్టిన సంస్థ చాలాకాలంగా ఈ సలహాలు ఇస్తూనే ఉంది. సలహా మంచిదే. కాని పొగాకు నాట్ల సమయానికి మాత్రమే చేను చేతికొచ్చే కౌలురైతు ముందు నువ్వులు ఎలా చల్లుతాడు? బ్యారన్‌కు లక్షల్లో అద్దె కట్టినవాడు పొగాకు మానేసి పంట ఎలా మారుస్తాడు? శాస్త్రం భూమి ఉన్నవాడితో మాట్లాడుతోంది. దున్నేవాడికి భూమి లేదు. అందుకే ఆ సలహా కరపత్రంలో ఉండిపోతోంది.

కూలీల మీద వేస్తున్న నింద

ఇప్పుడు కూలి రేట్ల సంగతి చూద్దాం. మల్లె పీకుడును చాలాచోట్ల గుత్తకు ఇస్తున్నారు. ఎకరానికి ఇంత అని మాట్లాడి ముఠాను దింపుతారు. గుత్తలో గిట్టుబాటు కావాలంటే వేగంగా పోవాలి. వేగంగా పోతే కంటికి కనపడిన పెద్ద కాడలే వస్తాయి. ఆకు చాటున రెండంగుళాలు లేచినవి మిగిలిపోతాయి. అవే పదిహేను రోజుల్లో పూస్తాయి. గుత్త పద్ధతి పెట్టినవాళ్లే "సరిగా పీకలేదు" అనడం న్యాయమా?

పీకిన కాడల్ని ఏంచేయాలో ఎవరూ చెప్పరు. చెప్పినా దానికి కూలి కట్టరు. పూసిన కాడను పీకి గట్టు మీద పడేస్తే పని అయిపోలేదు. కాడలో మిగిలిన రసంతోనే గింజ ముదిరి అక్కడే రాలుతుంది. గంపలోనో గోతంలోనో వేసి, చేను బయటకు మోసి, కాల్చేయాలి. అది కూడా పనే, దానికీ కూలి ఉండాలి.

ఆడవాళ్ల ఆరోగ్యం సంగతి వేరే చెప్పాలి. మల్లె పీకేది ఎక్కువగా ఆడవాళ్లే. మంచు తడి ఆరని పొద్దుటిపూట, రొమ్ములదాకా పెరిగిన పొగాకులో వంగి వంగి నడవాలి. తడి ఆకు ఒంటికి రాసుకుంటే నికోటిన్ చర్మంలోంచి లోపలికి పోతుంది. తల తిరగడం, వాంతులు, కడుపులో తిప్పడం, నీరసం వస్తాయి. దీన్ని పచ్చి పొగాకు జబ్బు అంటారు. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ గుజరాత్ పొగాకు కూలీల్లో ఈ జబ్బును ఎప్పుడో గుర్తించింది. మన దగ్గర మాత్రం "ఎండ దెబ్బ", "పైత్యం" అని మజ్జిగ తాగించి పంపుతున్నారు. మంచు ఆరాక పని మొదలుపెట్టడం, చేతులకు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, కడుక్కోవడానికి నీళ్లు, ఇవేమీ గొంతెమ్మ కోర్కెలు కావు.

కాబట్టి అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా, మల్లె నేపం మీద కూలి తగ్గించే మాట ఎవరెత్తినా మనం చెప్పవలసిన జవాబు ఒక్కటే. మల్లె తగ్గాలంటే కూలిదినాలు పెరగాలి. తక్కువ కూలితో, తక్కువ దినాలతో పోయే కలుపు కాదు అది.

మందు ఎందుకు దొరకదు?

"ఒక మందు కొట్టేస్తే పోదా?" అని చాలామంది అడుగుతున్నారు. దుకాణాల వాళ్లు ఏదో ఒక డబ్బా చేతిలో పెడుతున్నారు కూడా. ఒక్క విషయం ఆలోచించండి. మల్లె పొగాకు వేరుకు తన గొట్టం కలుపుకుని ఉంది. మల్లె లోపలికి పోవలసిన మందు చాలావరకు పొగాకులోంచే పోవాలి. మల్లెను చంపే మోతాదుకూ పొగాకును మాడ్చే మోతాదుకూ మధ్య సందు చాలా సన్నం. అందుకే ఇన్నేళ్లయినా చేతిపీకుడును మించిన మార్గం రాలేదు.

ఈ సందులోంచే కంపెనీలు దూరాలని చూస్తున్నాయి. మందు కొట్టినా చావని పంట విత్తనం తయారుచేస్తే, విత్తనమూ మందూ రెండూ తామే అమ్ముకోవచ్చు. రాజస్థాన్, హర్యానాల్లో ఆవ పంటకు మల్లె జాతిదే ఇంకొక మొక్క పడుతోంది. అక్కడి రైతులు దాన్ని మార్గోజా అంటారు. అక్కడ ఇప్పటికే ఇలాంటి విత్తనాలు దిగాయి. ఒక ఏడు పని చేయవచ్చు, రెండేళ్లు పని చేయవచ్చు. ఏటా విత్తనం కోసం దుకాణానికి పోవలసిందే. వేరు మీద మల్లె, పైన కంపెనీ, రెండూ రైతునే పీలుస్తాయి.

జొన్న మల్లె నేర్పిన పాఠం

ఈ పీడ పొగాకుకే పరిమితం కాదు. మెట్ట జొన్న చేలలో తెల్లపూలతో జానెడు ఎత్తున లేచే మల్లె వేరే ఉంది. అది స్ట్రైగా. దానికి పచ్చని ఆకులున్నాయి గాని బతుకు మాత్రం జొన్న వేరు మీదే. చెరకునూ మొక్కజొన్ననూ కూడా పడుతుంది. నేలలో ఎరువు తక్కువైనకొద్దీ, భాస్వరం, నత్రజని చాలనికొద్దీ, జొన్న వేరు ఆ పిలుపు రసాయనాన్ని మరింతగా ఊరిస్తుంది. అంటే ఆకలిగొన్న నేలలోనే ఈ మల్లె ఎక్కువ. పేదవాడి చేనునే వెతుక్కుని పోయినట్లుంటుంది. ఆఫ్రికా ఖండంలో కోట్లాదిమంది చిన్నరైతుల జొన్న, మొక్కజొన్నలను తినేస్తున్నది ఈ జాతే.

ఈ మొక్క 1956లో అమెరికాలో కరోలినా రాష్ట్రాల మొక్కజొన్న చేలలో కనపడింది. అక్కడి పాలకులు రైతు చావు రైతుదని ఊరుకోలేదు. మొక్కజొన్న అంటే వాళ్ల పెట్టుబడిదారులకు ప్రాణం కదా! కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి దిగాయి. చేను చేనూ వెతికారు. మల్లె ఉన్న చేల నుంచి యంత్రాలు, పంట బయటికి పోకుండా కట్టడి పెట్టారు. ఇథిలీన్ వాయువును నేలలోకి ఎక్కించి, పంట లేనప్పుడే గింజలు మొలిచి చచ్చేలా చేశారు. నాలుగు లక్షల ముప్ఫై వేల ఎకరాలకు పైగా పాకిన పీడను దశాబ్దాలపాటు పట్టువదలకుండా కొన్ని వేల ఎకరాలకు దించారు. ఆ వాయువు మన పొగాకు మల్లెకు పనిచేసేది కాదు. మేము చెప్పేది పద్ధతి గురించి. గింజ పదేళ్లుంటే సర్కారు కూడా పదేళ్లుండాలి. ఖర్చు ఒక్కొక్క రైతు నెత్తిన పెట్టకూడదు. ఇది సోషలిస్టు దేశం కథ కాదు, పెట్టుబడిదారీ దేశం కథే.

ఆఫ్రికాలో సర్కార్లకు అంత డబ్బు లేదు. అక్కడ వేరే దారులు తొక్కారు. ఇథియోపియాలో పుట్టిన గెబిసా ఎజెటా అనే శాస్త్రవేత్త వేరు నుంచి ఆ పిలుపు చాలా తక్కువగా ఊరే జొన్న రకాలను ఎంచి, వాటి నుంచి మల్లెను తట్టుకునే వంగడాలు తీశాడు. 2009లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. మన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్‌లో కూడా మల్లెను తట్టుకునే జొన్నల మీద చాలా పని జరిగింది. కెన్యాలో మొక్కజొన్న సాళ్ల మధ్య డెస్మోడియం అనే పశుగ్రాసపు మొక్క వేస్తున్నారు. దాని వేరు మల్లెగింజను మొలిపిస్తుంది, మొలకను పంట వేరు పట్టనివ్వదు. నేలకు నత్రజని ఇస్తుంది, పశువుకు మేత అవుతుంది. అక్కడి ఆడ రైతులు దీన్ని అందిపుచ్చుకున్నారు. ఒక్క షరతు ఉంది. అది ఏళ్ల తరబడి నేలలో ఉండే మొక్క. ఏడాదికొకసారి చేను చేతులు మారే చోట అది కుదరదు. చూశారా, ఎక్కడికి పోయినా లెక్క మళ్లీ భూమి దగ్గరికే వస్తోంది.

కృష్ణా డెల్టాలో వరి కోశాక వేసే మినుములో పసుపుదారం లాంటి బంగారు తీగ పడుతుంది. ఆకూ లేదు, మొలిచిన కొద్దిరోజులకు వేరూ ఉండదు. పక్కనున్న మొక్క వాసన పట్టి అటే పాకుతుందని 2006లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. దాని గింజ కూడా ఏళ్ల తరబడి నేలలో ఉంటుంది. చాలాసార్లు అది కొన్న విత్తనంలో కలిసి చేనుకు వస్తుంది. విత్తనం అమ్మినవాడిని అడిగేవాడు లేడు, తీగ చుట్టుకున్న మొక్కల్ని మొదలంటా పీకి కాల్చే కష్టం మాత్రం కూలీలది.

పరాన్నభుక్కు అనే మాట గురించి

మన ఉపన్యాసాల్లో భూస్వాముల్నీ వడ్డీవ్యాపారుల్నీ పరాన్నభుక్కులంటాం. మాట తప్పు కాదు. కాని మొక్కల దగ్గర ఒక తేడా తెలుసుకోవాలి. ప్రపంచంలో ఇలా ఇతర మొక్కల మీద బతికే పూలమొక్కలు నాలుగు వేల జాతులకు పైగా ఉన్నాయి. పంటలకు పీడ అయినవి వాటిలో కొద్ది జాతులే. చెట్ల మీద పట్టే బదనిక పండు తిని పిట్టలు బతుకుతాయి, దాని ఆకు తిని కొన్ని సీతాకోకచిలుకలు పెరుగుతాయి. అంత విలువైన శ్రీగంధం చెట్టు కూడా పక్క చెట్ల వేళ్ల మీద ఆధారపడేదే. అందుకే గంధం మొక్క పక్కన కంది వేస్తారు. వంద రకాల చెట్లున్న అడవిలో ఏ ఒక్క పరాన్నజీవీ అడవిని మింగలేదు.

ఒకే చేలో, ఒకే పంట, ఏటేటా వేస్తే దానికి విందు. పొగాకు ప్రాంతంలో జరిగింది అదే. 1976లో పొగాకు బోర్డు వచ్చింది. బ్యారన్‌కు లైసెన్సు, లైసెన్సుకు కోటా. లైసెన్సు చేతిలో ఉన్నవాడు ఏటా పొగాకే వేయాలి, వేయకపోతే బ్యారన్ పెట్టుబడి మట్టి. ఇక బోర్డు వేలంలోకి రాని బర్లీ సంగతి 2025లో చూశాం. కంపెనీలు ఆశపెట్టి వేయించాయి. ఆకు ఇంటికొచ్చాక కొనేవాడు లేక రైతులు రోడ్డెక్కితే, రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించవలసి వచ్చింది. పొగాకు విస్తీర్ణం పెంచేటప్పుడు కంపెనీ ముందుంటుంది. ధర పడినప్పుడు ఉండదు, నేలలో మల్లె మిగిలినప్పుడు అసలే ఉండదు.

మనం చేయవలసింది

కౌలురైతూ కూలీ ఒకరినొకరు తిట్టుకుంటే ఉపయోగం లేదు. ఆ తగాదా వల్ల లాభం భూమిగలవాడికీ కంపెనీకీ. ఈ సీజనులోనే ఊరూరా సంఘం తరఫున ఈ కోర్కెలు ముందుకు తేవాలి.

ఒకటి. ఆకు కోతలు మొదలైన తర్వాత జరిగే మల్లె పీకుడు ఖర్చు భూయజమాని భరించాలి. లేదా ఆ మేరకు కౌలు తగ్గించాలి. మేలు ఎవరి భూమికైతే, ఖర్చు వారిది.

రెండు. మల్లె పీకుడుకు గుత్త పద్ధతి ఎత్తేయాలి. దినకూలి ఇవ్వాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి. కాడలు మోసి కాల్చేదానికి కూడా కూలి కట్టాలి. తొడుగులు, నీళ్లు ఇవ్వాలి. మంచు ఆరాకే పని.

మూడు. ఒక్క చేలో పీకితే చాలదు, గట్టు అవతల ఒక్క కాడ గింజ కడితే అందరి కష్టం వృథా. ఊరంతా ఒకే వారంలో, పూతకు ముందు, పదిరోజులకొకసారి పీకుడు జరగాలి. దీనికి పొగాకు మీద వసూలయ్యే పన్నులు, రుసుముల నుంచి నిధి కేటాయించాలి. ఖర్చు కంపెనీలు కూడా మోయాలి.

నాలుగు. కౌలు గడువు పదకొండు నెలలు కాదు, కనీసం అయిదేళ్లు కావాలి. యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా గ్రామసభ గుర్తించిన సాగుదారుకు కార్డు ఇవ్వాలి. ఎర పంట వేసిన ఏడు నష్టపరిహారం ఇవ్వాలి.

అయిదు. మినుము, పెసర విత్తనంలో బంగారు తీగ గింజ ఉంటే అమ్మినవాడి మీద కేసు పెట్టి, రైతుకు నష్టం, పీకిన కూలీకి కూలి ఇప్పించాలి.

ఇవి సాధించడానికి ముందు ఒక చిన్న పని ఉంది. ఊళ్లో ఏ చేలో మల్లె ఎంత ఉందో, ఆ చేను యజమాని ఎవరో, కౌలుదారు ఎన్నేళ్లుగా చేస్తున్నాడో, ఎన్ని విడతలు పీకించారో, ఎంత కూలి ఇచ్చారో ఒక నోటుబుక్కులో రాయాలి. మల్లె పీకే ఆడవాళ్లను మించి ఈ లెక్క తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఏ చేలో ఎప్పుడు లేచిందో, ఏ గట్టు మీద కాడలు వదిలేశారో వాళ్లకు తెలుసు. ఏటా చేతులు మారే చేలు ఎలా ఉన్నాయో, సొంతంగా చేసుకునే చేలు ఎలా ఉన్నాయో పక్కపక్కన పెడితే, మేము పైన చెప్పిందంతా ఊరి లెక్కగా బయటపడుతుంది. ఆ లెక్కతో తహసీల్దారు ఆఫీసుకూ పొగాకు బోర్డు ఆఫీసుకూ కౌలురైతులూ కూలీలూ కలిసి పోవాలి. మల్లెగింజకు ఓపిక ఎక్కువ. మన సంఘానికి అంతకంటే ఎక్కువ ఉండాలి.